పొగ ముందుకు పోయే బండి

తెలిపారా, బిలాస్‌పూర్
11 ఆగస్టు 2025

మరదలు మాధవీలతకు చెవిటి బావ శంకరరావు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. డిసెంబరులో వస్తున్నానని నువ్వు రాసిన చోట ఆగిపోయి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. డెబ్బై రెండేళ్ళొచ్చినా సొంత మేనమామ కూతుర్ని కంటితో చూడలేదంటే ఎవరైనా నవ్విపోతారు. మా ఆవిడ బతికుంటే ఈపాటికి నీకోసం వడియాలు పెట్టడం మొదలెట్టేది.

టికెట్టు ఎలా కొనాలని అడిగావు. ఆన్‌లైనంటావు, విదేశీ టూరిస్టుల కోటా అంటావు. ఆ తలనొప్పులేవీ పెట్టుకోకు. నలభై ఏళ్ళు రైల్వేలో చేశాను. షెడ్డులో ఇంజన్లు తుడవడంతో మొదలెట్టి మెయిలు బండి దాకా నడిపాను. మావయ్య కూతురికి ఒక్క టికెట్టు తీయలేనా? విశాఖలో సాయంత్రం కోర్బా బండి ఎక్కావంటే పొద్దున్నకి మా ఊళ్ళో ఉంటావు. టికెట్టు తీసి నీకు పోస్టులో పంపుతాను. నువ్వు ఆ విమానం సంగతి చూసుకో, చాలు.

నీ ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. తొంభై రెండేళ్ళ మనిషి మంచం మీద నుంచి లేచి నిలబడి, "టేసనుకి నానే వస్తాను. నడిసే వస్తాను. ఎవులూ నన్ను మొయ్యక్కర్లేదు" అంది. నా చెవి దగ్గర అరిచింది కాబట్టి వీధి వీధంతా విన్నది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మావయ్య పోయిన సంగతి అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.

2022లో నువ్వు ఆ కబురు రాసినప్పుడు అమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది. లేచి నడిచాక చెబుదామనుకున్నాను. నడిచింది. చలికాలం పోయాక అనుకున్నాను. పోయింది. అలా మూడేళ్ళు దాటిపోయాయి. నువ్వు రాసే ప్రతి ఉత్తరాన్నీ మావయ్య చెబుతుంటే నువ్వు రాసినట్టుగా మార్చి చదువుతున్నాను.

ఇంకా ఉంది. అమ్మకి చదువు రాదని మావయ్య ప్రతి ఉత్తరం కిందా ఆమె వాటాగా ఒక రైలుబండి బొమ్మ గీసేవాడు కదా. కళ్ళు మసకబారి ఉత్తరం నీ చేత రాయించినా, బొమ్మ మాత్రం తనే గీసేవాడు. ఇప్పుడు ఆ బొమ్మ నేను గీస్తున్నాను. మావయ్య బండికి చక్రాలు తలో సైజులో ఉండేవి, పొగేమో ఇంజను కంటే ముందు పరిగెత్తేది. చిన్నప్పుడు ఒక్కసారి రైలెక్కిన మనిషి, ఆయన తప్పేముంది! నేను ఆవిరి ఇంజన్లు తుడిచినవాణ్ణి కాబట్టి గొట్టం దగ్గర్నుంచి గార్డు పెట్టె దాకా అన్నీ పద్ధతిగా గీస్తాను. అమ్మ దాన్ని వేలితో తడిమి దిండు కింద దాచుకుంటుంది.

నువ్వు వస్తున్నావంటే మావయ్య కూడా వస్తున్నాడనే ఆమె అనుకుంటోంది. 1938లో విజయనగరం స్టేషన్లో మలయా ఓడ కోసం మద్రాసు బండి ఎక్కుతూ, తొమ్మిదేళ్ళ మావయ్య ఏడుస్తున్న ఐదేళ్ళ చెల్లెలితో "ఏడవకే, వచ్చీ బండికి వచ్చెత్తాను" అన్నాడట. ఆ మాట నువ్వూ వినే ఉంటావు. అమ్మ ఇప్పుడు కనిపించిన వాళ్ళందరికీ ఆ వచ్చే బండి డిసెంబరులో వస్తోందని చెబుతోంది.

ఫోను నెంబరు కవరు వెనక రాశాను. కానీ చేయకు. నాకు వినపడదు కాబట్టి ఫోను అమ్మ నడుం సంచిలోనే ఉంటుంది. 1987లో మావయ్య స్టేషను మాస్టరు గదికి ట్రంక్ కాల్ చేస్తే, అన్నాచెల్లెళ్ళిద్దరూ చివరిదాకా ఏడ్చారే గానీ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అప్పుడే ఇక ఫోన్లు వద్దనుకున్నారు. ఆ నియమమే ఇప్పుడు నన్ను కాపాడుతోంది. నీ గొంతు వింటే అన్నకివ్వమంటుంది.

నన్ను ఎంతైనా తిట్టు. రావడం మాత్రం మానకు.

మీ బావ,
శంకరరావు


తెలుక్ ఇంతాన్, మలేషియా
9 సెప్టెంబరు 2025

బావకు మాధవీలత నమస్కారాలు.

ముందు కోపం కక్కేస్తాను, మిగతావి తరువాత. నీ ఉత్తరాన్ని మూడు రోజులు బల్ల మీదే వదిలేశాను. నాన్న పోయినప్పుడు "అమ్మ చాలా బాధపడింది" అని నువ్వు రాసిన ఒక్క ముక్కను పట్టుకుని ఎంత ఊరట పడ్డానో నీకు తెలుసా? ఈ భూమ్మీద నాన్న కోసం నాతో సమానంగా ఏడ్చిన మనిషి ఇంకొకరు ఉన్నారని అనుకున్నాను. ఆమెకు అసలు తెలియనే తెలియదన్నమాట.

కోపం అయిపోయింది. ఎందుకంటే ముప్పై ఏళ్ళుగా నెల తప్పకుండా ఉత్తరం రాసినవాడివి నువ్వే. నాన్నకు చూపు పోయాక కూడా నీ కవరు వస్తే వాసన చూసి "శంకరం రాశాడు" అనేవాడు. ఆ ముప్పై ఏళ్ళకూ నీకు ఎప్పుడూ కృతజ్ఞతలు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. కానీ ఒక షరతు. నేను వచ్చేలోగా అత్తకు నువ్వే నిజం చెప్పాలి. నేను అబద్ధం ఆడలేను, ఆదివారం బడిలో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. రైలు దిగగానే ఆమె నా వెనక నాన్న కోసం వెతుకుతుంటే నేను చూడలేను.

ఇక ప్రయాణం. ఇక్కడ పుట్టి పెరిగిన నేను మీ దేశానికి టూరిస్టునే. వీసా వచ్చింది, ముప్పై రోజులు. డిసెంబరు 8న విశాఖలో దిగుతాను. రైలు 10న సాయంత్రం. మీ రైల్వే వెబ్‌సైటులో ఖాతా తెరవడానికే నాకు రెండు వారాలు పట్టింది. విదేశీ నెంబరుకు వేరే నమోదు, పాస్‌పోర్టు వివరాలు, ఈమెయిలుకు ఓటీపీ అంకెలు. అంతా అయ్యాక ఆ టూరిస్టుల కోటా మన కోర్బా బండికి నాకు కనిపించలేదు. కాబట్టి నీ మీదే భారం. పాస్‌పోర్టు నకలు పెట్టాను. పేరు అందులో ఉన్నట్టే రాయించు, మార్చకు.

సిమ్ముకు ఇంకో తతంగం ఉంది. విదేశీయులకు సిమ్ కావాలంటే పాస్‌పోర్టు, వీసా, ఫోటోతో పాటు ఇక్కడి మనిషి ఒకరి ఫోను నెంబరు ఇవ్వాలట. ఆ నెంబరుకు అంకెలు వస్తాయి. దుకాణం వాడు ఫోను చేసి అడిగినప్పుడు ఆ అంకెలు చెప్పాలి. నీ నెంబరే ఇస్తాను, నాకు అక్కడ ఇంకెవరున్నారు? అత్తకు చెప్పి ఉంచు. నేను మాట్లాడను, దుకాణం వాడే మాట్లాడతాడు. నాన్న పెట్టుకున్న నియమం నేను తప్పను.

ఇంకొకటి. నీ ఉత్తరం పాత ఎస్టేటు అడ్రసుకు పోయి, అక్కడి నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మేం ఇల్లు మారి ఏడాదైంది బావా. ఇకమీద ఈ పైన రాసిన అడ్రసుకే రాయి.

మరదలు,
మాధవీలత


తెలిపారా, బిలాస్‌పూర్
13 అక్టోబరు 2025

టూరిస్టు మరదలికి టికెట్టు కొన్న బావ రాసేది.

అవును, కొన్నాను. ఈ కవర్లోనే ఉంది, జాగ్రత్తగా తియ్యి. కౌంటరు టికెట్టు కాబట్టి ఈ కాగితమే నీ చేతిలో ఉండాలి.

ఇప్పుడు ఒక నిజం చెబుతాను, నవ్వితే నవ్వు. నలభై ఏళ్ళ సర్వీసూ, ఆ పైన పన్నెండేళ్ళ పెన్షనూ, ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా టికెట్టు కొనలేదు. నేను పుట్టినప్పటి నుంచీ మా నాన్న పాసు, తరువాత నా పాసు. తిరుపతి పాసు మీదే, పెళ్ళికి పాసు మీదే, మా ఆవిడ అస్థికలు కలపడానికీ పాసు మీదే వెళ్ళాను. సెప్టెంబరు ఆఖర్లో ఠీవిగా రిజర్వేషన్ ఆఫీసుకి వెళ్ళి, అలవాటు కొద్దీ స్టాఫు తలుపులోంచి లోపలికి పోయాను. కౌంటరులో ఉన్న అమ్మాయి "దాదాజీ, లైన్ మే ఆయియే" అందట. నాకు వినపడలేదు. కాగితం మీద రాసి చూపించింది. వరసలో నిలబడి నా వంతు వచ్చేసరికి, అరవై రోజుల ముందు నుంచే ఇస్తారని తెలిసింది. అంటే డిసెంబరు పదికి అక్టోబరు పదకొండు. ఈ ముక్క మా వీధిలో పాలు పోసేవాడికి కూడా తెలుసు.

పదకొండో తారీఖున మళ్ళీ వెళ్ళాను. ఈసారి అమ్మ కూడా రిక్షాలో వచ్చింది. అదే నా కొంప ముంచింది.

నీ షరతు నేను మరిచిపోలేదు. చెబుదామని మూడుసార్లు కూర్చున్నాను. మొదటిసారి "అమ్మా, మావయ్య..." అనగానే "అన్నకి జంతికలు ఇష్టం, నూవులేసి సెయ్యాల" అంది. రెండోసారి మంచినీళ్ళు తెస్తానని లేచిపోయాను. మూడోసారి కౌంటరు ముందు. నీ పేరు, వయసు ఫారం మీద రాస్తుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని, "రెండు సీట్లు తియ్యి. నూకరాజుకొకటి" అని చెవిలో అరిచింది. వెనక జనం తోసుకుంటున్నారు. అమ్మ నా ముఖంలోకే చూస్తోంది. మావయ్య పేరు రాసేశాను మాధవీ. నూకరాజు, మగ, 96. కౌంటరు అమ్మాయి ఆ వయసు చూసి రెండూ కింది బెర్తులే ఇచ్చింది. 17, 20, ఎదురెదురుగా. అమ్మ టికెట్టు తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఇంత డ్రైవరుగిరీ చేశాను, సిగ్నల్ తప్పి ఒక్క అడుగు ముందుకు పోలేదు. ఇంట్లో మాత్రం ఎర్ర దీపం దగ్గర మూడేళ్ళుగా నిలబడిపోయాను. నువ్వే వచ్చి చెప్పు. నా వల్ల కాదు.

సిమ్ సంగతి. దుకాణం వాణ్ణి ఫోను చెయ్యొద్దను. మా ఊళ్ళోనే దయాల్‌బంద్‌లో ఒకాయన్ని ఫోనులో అంకెలడిగి మోసం చేశారని మనవరాలు శ్వేత మా అమ్మకి గట్టిగా నూరిపోసింది. ఎవరు అంకెలడిగినా తిట్టి పెట్టేయమంది. ఈ పిల్ల ఇక్కడే కాలేజీలో చదువుతూ మా దగ్గరే ఉంటోంది. తెలుగు చదవడం రాదు, తిట్టడం మాత్రం మా అమ్మ దగ్గర నేర్చుకుంది. 9వ తారీఖున ఫోను నేనే చేతిలో పెట్టుకుని కూర్చుంటాను. నువ్వు 9నే దుకాణానికి వెళ్ళి, మెసేజి పంపించమను.

కవరు మీద అడ్రసు నేనే రాస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా రాస్తున్న అడ్రసు, కళ్ళు మూసుకుని రాయగలను.

మీ బావ,
శంకరరావు


విశాఖపట్నం స్టేషన్, వెయిటింగ్ రూము
10 డిసెంబరు 2025, మధ్యాహ్నం

బావా,

ఈ ఉత్తరాన్ని పోస్టు చేయను. రేపు పొద్దున్న నీ చేతికే ఇస్తాను. ప్లాట్‌ఫారం మీద నీ చెవిలో ఇదంతా అరవడం నా వల్ల కాదు.

సెప్టెంబరు తరువాత నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క రాలేదు. టికెట్టూ రాలేదు. నా కోపానికి నొచ్చుకున్నావేమో అనుకున్నాను. నేనే ఆన్‌లైనులో చూసుకుంటే వెయిటింగు లిస్టులో ఎక్కడో చివర చోటు దొరికింది. ఏమైతే అయిందని విమానం ఎక్కేశాను.

8న దిగగానే సిమ్ కోసం ఒక చిన్న దుకాణానికి వెళ్ళాను. నడిపే ఆయన పేరు గిరిబాబు. పాస్‌పోర్టు చూసి, "మలేషియా అని ఉంది, మాటేమో మా శ్రీకాకుళం మాటలాగుంది, ఇదేటమ్మా?" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఫోటో తీశాడు, వీసా స్కాను చేశాడు, నీ నెంబరుకు అంకెలు పంపించి ఫోను చేశాడు. అత్త ఎత్తింది. ఆయన అంకెలనగానే పెట్టేసింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ పెట్టేసింది. మూడోసారి ఆయన ఫోను నా చేతికిచ్చి "మీరే సెప్పండమ్మా" అన్నాడు. వేరే దారి లేక నాన్న నియమం తప్పాను.

"అత్తా, నేను నూకరాజు కూతుర్ని, మాధవీలతని" అన్నాను.

"నూకరాజు పిల్లవా? మా అన్న పిల్ల ఫోను సెయ్యదే. మేం ఫోన్లో మాటాడుకోం. నీ జిమ్మడ! మా అన్న పేరు సెప్పి నన్నే అంకెలడుగుతావా? ఎన్ని గుండెలే నీకు? మా అబ్బాయి డ్రైవరు, తెల్సా? బండి కింద ఎట్టీగల్డు!"

మా అత్త నాతో మాట్లాడిన మొట్టమొదటి మాటలు ఇవి. నేను కౌంటరు మీద తల ఆనించి ఏడ్చేశాను. సిమ్ రాలేదని కాదు బావా. "నీ జిమ్మడ" అనే మాట మా ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ అనలేదు. నాన్నకు కోపమొచ్చినా, ముద్దొచ్చినా అదే మాట. అదే గొంతు, అదే విసురు. గిరిబాబు కంగారుపడి టీ తెప్పించి, "ఊరుకోండమ్మా, పెద్దోళ్ళు, తిడితే ఆయుస్సు. కూకోండి, ఆ ఇంట్లో ఇంకెవులో ఉంటారు, తిరిగి సేస్తారు" అన్నాడు. ఆయన చెప్పినట్టే అయింది. గంటన్నర తరువాత శ్వేత ఆ నెంబరుకే ఫోను చేసింది. దొంగని ఎలా తరిమిందో అత్త గర్వంగా చెబుతుంటే, ఆ పిల్లకు అనుమానం వచ్చి మెసేజీలు చూసిందట. ఆ అంకెలకు గడువు దాటిపోతే గిరిబాబు విసుక్కోకుండా మొదటి నుంచి అంతా మళ్ళీ చేశాడు. ఇంటికి పోయే వేళ దాటినా నా సిమ్‌కి ప్రాణం వచ్చేదాకా దుకాణం మూయలేదు. ఆయనకు నేనేమిటి చుట్టం?

శ్వేత చెప్పిందాకా నువ్వు టికెట్టు కొన్న సంగతే నాకు తెలియదు. మీ ఫోనుకు వచ్చిన మెసేజిలోంచి టికెట్టు నెంబరు చదివి చెప్పింది. అది పట్టుకుని నిన్న ఇక్కడి రిజర్వేషన్ ఆఫీసుకు వెళ్ళి, కాగితం అందలేదని రాసిచ్చి నకలు అడిగాను. కౌంటరు మనిషి కంప్యూటరు చూసి నకలు ఇస్తూ, "ఇద్దరున్నారు కదమ్మా. నూకరాజుగారేరీ?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నువ్వు అత్తకు చెప్పలేదని. రేపు ఆమె ముందు నిలబడాలి. ఏమని చెప్పను బావా? ఎనభై ఏడేళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషికి, రాలేదని చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చానా?

11 డిసెంబరు, పొద్దున్న

రాయ్‌పూర్ దాటాం. ఒక్క సంగతి రాసి ముగిస్తాను. నిన్న బండి కదిలాక టీటీఈ వచ్చి "నూకరాజు?" అన్నాడు. "మా నాన్న. రాలేదు" అన్నాను. ఈ రెండు మాటలూ నోటితో అనడం నాకూ అదే మొదటిసారి. పార్వతీపురంలో చిన్నతల్లి అని ఒక అమ్మాయి మూడు నెలల పాపతో ఎక్కింది. ఆమెది ఆర్‌ఏసీ, ఇంకొకరితో పంచుకునే సీటు. టీటీఈ ఆ ఖాళీ బెర్తు ఆమెకిచ్చాడు. నాన్న బెర్తులో పాప హాయిగా నిద్రపోయింది. నేను ఎదురు బెర్తు మీద నుంచి దాన్నే చూస్తూ వచ్చాను.

మాధవీలత


తెలిపారా, బిలాస్‌పూర్
14 జనవరి 2026

మరదలికి బావ దీవెనలు, క్షమాపణలు, ఇంకా ఏమైనా ఉంటే అవీ.

నువ్వు వెళ్ళి పది రోజులు దాటింది. నువ్వు పడుకున్న మంచం మీద ఇప్పుడు శ్వేత పుస్తకాలు పరిచింది. తెలుగు అక్షరాలు దిద్దుతోంది, నీ పుణ్యమే. "దాదాజీ, మామ్మ మళ్ళీ ఎప్పుడొస్తది?" అని పలక మీద రాసి చూపించింది. మూడు తప్పులున్నాయి గానీ దిద్దబుద్ధి కాలేదు.

నువ్వున్న మూడు వారాలూ నా చెవిలో అరవలేక నువ్వూ, సిగ్గుతో నేనూ ఒక సంగతి వదిలేశాం. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నా వైపు నుంచి ఏం జరిగిందో నీకు చెప్పాలి.

చక్రాల కుర్చీ తెప్పించాం. అమ్మ అందులో కూర్చోలేదు, దాన్ని పట్టుకుని నిలబడింది. బండి వచ్చింది. నా సర్వీసులో ఎన్ని బండ్లను ఆ ప్లాట్‌ఫారం మీదకి తెచ్చి నిలిపానో, ఒక్కసారి కూడా ఆ బండి రాకపోతే బాగుండుననుకోలేదు. ఆ రోజు అనుకున్నాను. నువ్వు ఒక్కదానివే దిగావు. అమ్మ ఇప్పుడు నీ వెనక్కి చూస్తుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకున్నాను. ఆమె నీ వెనక్కి చూడనే లేదు. నాకు అప్పుడే అర్థం కావాల్సింది. నీ ముఖం రెండు చేతులతో పట్టుకుంది. మీ ఇద్దరి పెదాలూ కదులుతున్నాయి, ఇద్దరూ ఏడుస్తున్నారు. నాకేమో ఒక్క ముక్క వినపడదు. చెప్పేసింది, అమ్మ ఇప్పుడు కూలిపోతుంది అనుకుని పట్టుకోవడానికి ముందుకొచ్చాను.

అమ్మ నా చెయ్యి తీసుకుంది. అరచెయ్యి తిప్పి, వేలితో ఇంజను గీసింది. వంకర చక్రాలు గీసింది. గొట్టం గీసింది. తరువాత పొగ గీసింది. నా మణికట్టు వైపు కాదు, వేళ్ళ వైపు, బండికి ముందుకి. గీసి, నా వేళ్ళు మూసి నా పిడికిలి నాకే ఇచ్చేసింది.

నాకు తెలిసిపోయింది. ఆవిరి ఇంజను నడుస్తుంటే పొగ వెనక్కే పోతుంది, షెడ్డులో చేరిన మొదటి రోజు నుంచీ చూసినవాణ్ణి, అలాగే గీశాను. మూడేళ్ళు, ముప్పై ఆరు బొమ్మలు, అన్నీ సరిగ్గా గీశాను. అందుకే దొరికిపోయాను.

ఇంటికొచ్చాక అడిగితే "నీ బండి బాగుంటాది లేరా" అని మాత్రం అంది. నువ్వొచ్చిన పదో రోజు మీరిద్దరూ మావయ్య పేరున చేయించిన భోజనాల్లో అమ్మ అందరికీ తనే దగ్గరుండి వడ్డించడం చూశాక నా గుండె మీద రాయి దిగింది. నువ్వు రాకపోతే నేను పోయేదాకా ఆ బొమ్మలు గీస్తూనే ఉండేవాణ్ణి. ఆమె దాచుకుంటూనే ఉండేది. ఈ రుణం ఎలా తీర్చుకోను?

ఒక్కటి చెప్పు. ప్లాట్‌ఫారం మీద అమ్మ నీతో ఏమంది?

మీ బావ,
శంకరరావు


తెలుక్ ఇంతాన్, మలేషియా
2 ఫిబ్రవరి 2026

బావా,

ఇంటికొచ్చేసరికి నీ అక్టోబరు కవరు నా కోసం కాచుకుని ఉంది. పాత ఎస్టేటులో వాళ్ళ ఆఫీసు బల్ల సొరుగులో పడుండి, ఎవరో మంచి మనిషి చేతిలో ఈ మధ్యే బయటపడి వచ్చింది. కళ్ళు మూసుకుని అడ్రసు రాయగలనని రాశావు చూడు, నిజంగానే మూసుకుని రాశావు! టికెట్టు అందులో మడత నలగకుండా ఉంది. మాధవీలత, 60. నూకరాజు, 96. నువ్వు జీవితంలో కొన్న మొదటి టికెట్టు కదా, నాన్న ఫోటో వెనక పెట్టాను. ఈ ఉత్తరం అప్పుడే నాకు అంది ఉంటే, నేను భయపడి ప్రయాణం మానేసేదాన్నేమో. పాత అడ్రసుకు రాసినందుకు కూడా నీకు కృతజ్ఞతలు చెప్పుకోవాల్సి వస్తోంది.

అత్త ఏమన్నదో అడిగావు. ఉన్నదున్నట్టు రాస్తాను.

"ఏడవకమ్మా. అన్న రాడని నాకు మూడేళ్ళ కిందటే తెల్సు. బొమ్మలో పొగ ఎనక్కి తిరిగింది. సిన్నప్పుడు నానే అడిగించాను, పొగ ముందుకెల్తాదేటన్నా అని. 'బండి నీ కాడికే వస్తంది కదే, పొగ ముందొచ్చి నీకు సెప్తాది' అని రాసేడు. మా అన్న బండికి పొగ ఎనక్కి పోతాదేటి?"

"మరి బావకెందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

"అంత పెద్ద డ్రైవరు. తలుపేసుకుని, స్కేలెట్టుకుని, నాకోసం బొమ్మలు గీస్తంటే, సాల్లేరా అని ఎలాగ సెప్పీది? ఆడికి మేనమామ పోయేడు, ఆడూ ఏడవాల కదా. గీసుకుంటూ ఏడుసుకున్నాడు."

చివరికి టికెట్టు ఎందుకు కొనిపించావని అడిగాను. "వచ్చీ బండికి వస్తానన్నాడమ్మా మా అన్న. మాటకి టికెట్టుండాల. ఉంది, వచ్చేడు" అంది. బెర్తులో పడుకున్న పాప సంగతి చెబితే, చేతులు జోడించి, కోర్బా వైపు కదిలిపోతున్న ఆ బండికి దణ్ణం పెట్టింది. నువ్వు ఆ దణ్ణం చూసే ఉంటావు. ఎవరికో నీకు తెలిసి ఉండదు.

గిరిబాబుకు ఒక ఉత్తరం రాశాను. సిమ్ గడువు నా వీసాతోనే తీరిపోయింది, అయినా పారేయలేదు. నీకు ఇకమీద కోపంతో రాయను, అబద్ధాలు ఆడితే తప్ప.

ఈ ఉత్తరం కింద అత్త వాటా ఉంది. బొమ్మ గీయడం నాకూ రాదు, చక్రాలు తలో సైజులో వచ్చాయి. కాగితం ఆమె చేతికివ్వు. పొగ ముందుకే పోతోంది, నువ్వు పెన్సిలు తీయకు.

మాధవీలత